కార్డులోంచి తెరమీదికి

రావివలస వచ్చారా ఎప్పుడైనా? రాకపోయుంటే ఈ కార్తీకంలో ఓ సోమవారం వీలు చేసుకుని రండి. శ్రీకాకుళం జిల్లా టెక్కలిలో దిగి ఆటో ఎక్కితే కబుర్లు సగంలో ఉండగానే ఊరొచ్చేస్తుంది. ఇక్కడి మల్లికార్జునస్వామికి పైకప్పు లేదు. తలెత్తి చూడాల్సినంత పెద్ద లింగం, ఆరుబయట, ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉంటుంది. అందుకే ఎండల మల్లికార్జునుడన్నారు. గుడి కట్టబోతే నిలవలేదనీ, నాకు నీడ వద్దని స్వామే కలలో చెప్పాడనీ పెద్దలంటారు. రామాయణంలోని వైద్యుడు సుషేణుడి పేరు కూడా ఈ స్థలపురాణంలో వినిపిస్తుంది. స్వామి మీదుగా వచ్చిన గాలి సోకితే రోగాలు పోతాయన్న నమ్మకం అందుకే కాబోలు.

నేను ఈ చుట్టుపక్కల కెమెరా భుజాన వేసుకు తిరిగే మనిషిని. కాబట్టి స్వామి సంగతితో ఆగను, ఆ ఎండ సంగతీ చెబుతాను. మిట్టమధ్యాహ్నం ఆ ఆవరణలో కెమెరా వెనకనున్న మూడంగుళాల తెర మీద ఏమీ ఆనదు. తువ్వాలు కప్పుకుని చూసినా మన మొహం మనకు కనబడుతుందే తప్ప తీసిన బొమ్మ కనబడదు. మందస నుంచో పర్లాకిమిడి నుంచో వచ్చిన కుటుంబం వాళ్ళు, తాతగారిని మధ్యలో నిలబెట్టుకుని వరసగా నిలబడతారు. తీసిన వెంటనే ఒకటే మాట: "బాగా వచ్చిందా బాబూ? మా నాన్న కళ్ళు మూసుకోనేదు కదా?" దానికి జవాబు అప్పుడే, అక్కడే కావాలి. వాళ్ళు ఊరెళ్ళిపోయాక ఇంట్లో తీరిగ్గా చూసి, తాతగారు రెప్ప వాల్చేశారని తెలుసుకుంటే ఏం లాభం? ఆ వయసు మనిషిని మళ్ళీ ఇక్కడికి తీసుకురావడం అయ్యే పనేనా? అందుకే నా సంచీలో ఎప్పుడూ ఒక ట్యాబు, దానికో చిన్న కార్డు రీడరు ఉంటాయి. చెట్టు నీడకు పోయి, కార్డు తీసి తగిలించి, అరచేతికి మించిన తెర మీద అందరికీ చూపిస్తాను. తాతగారి కళ్ళు తెరిచే ఉంటే అందరి మొహాలూ వెలుగుతాయి. మూసుకుని ఉంటే మళ్ళీ నిలబెడతాం.

ఇవాళ మీతో చెప్పాలనుకున్నది ఆ కాస్త పని గురించే. కెమెరాలో ఉన్న ఫొటోలు ట్యాబులోకి ఎక్కించడం. ఇదేం పెద్ద విద్య అనుకోకండి. మన ఉద్దానం ఇళ్ళలో నేను చూస్తున్నదేమిటంటే, కెమెరా ఉంది, ట్యాబూ ఉంది, రెంటికీ మధ్య దారి తెలియక ఫొటోలు కార్డులోనే ఉండిపోతున్నాయి. గల్ఫు నుంచి వస్తూ తెచ్చిన కెమెరా బీరువాలో బట్టల మడతల్లో పడుంటుంది. అందులో పాప బారసాల ఉంటుంది, మనవడి అన్నప్రాశన ఉంటుంది, పోయిన పెద్దాయన ఆఖరి సంక్రాంతి ఉంటుంది. అడిగితే "బ్యాటరీ ఉబ్బిపోయిందండీ, ఇంక పని చెయ్యదు" అంటారు. ఉబ్బిన బ్యాటరీని జాగ్రత్తగా తీసి పక్కన పెట్టండి, మళ్ళీ ఛార్జింగు పెట్టకండి. దాంతో మనకు పని లేదు. ఫొటోలు ఉన్నది తపాలా బిళ్ళంత కార్డులో. అది చేతికొస్తే కెమెరా పాడైనా ఫొటోలకేమీ కాదు.

అసలు డిజిటల్ కెమెరా పుట్టిన రోజు నుంచీ ఈ 'ఎక్కించడం' దాని వెంటే ఉంది. 1975లో అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజినీరు స్టీవ్ శాసన్ మొట్టమొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. ఒక మెగాపిక్సెల్‌లో నూరో వంతు బొమ్మ, అదీ నలుపు తెలుపుల్లో. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. కెమెరా మీద చూసుకునే తెర లేదు. క్యాసెట్టు బయటికి తీసి, ఇంకో యంత్రంలో పెట్టి, టీవీలో చూడాలి. మన కార్డు కూడా ఆ క్యాసెట్టు వంశంలోదే. తీసిన పెట్టె వేరు, చూసే తెర వేరు. మధ్యలో చెయ్యి తిరగాలి, అంతే.

"ఫోనుండగా కెమెరా ఎందుకండీ" అని అడిగేవాళ్ళను తేలినీలాపురం తీసుకెళ్తాను. మనకు దగ్గరే, నౌపడ ఉప్పుమళ్ళు దాటి పోవాలి. వానలు వెనకబట్టే వేళకు పక్షులు దిగుతాయి, ఎండలు ముదిరే వేళకు వెళ్ళిపోతాయి. ఊళ్ళో చెట్ల కొమ్మల మీద గూళ్ళు. జనం సైబీరియా పక్షులంటారు గానీ ఇక్కడ దిగే గూడబాతులు (పెలికాన్లు) సైబీరియావి కావు, మన దక్షిణాసియావే. ముక్కు కింద సంచీ వేలాడుతుంటుంది. వాటి పక్కనే రెక్కల ఈకలకు గులాబి రంగు పూసుకున్న ఎర్రకాళ్ళ కొంగలు. తల్లి గూడబాతు నోట్లోకి పిల్ల తలంతా దూర్చి చేప తినే దృశ్యం ఒక్కసారి చూస్తే మరిచిపోలేరు. ఫోనుతో తీస్తే చెట్టొస్తుంది, ఆకాశమొస్తుంది, పక్షి ఒక తెల్ల చుక్కగా వస్తుంది. పొడుగు లెన్సున్న కెమెరాతో తీస్తే పిల్ల మెడ మీద నూగు దాకా వస్తుంది. కానీ అదీ కెమెరా తెర మీద తెలియదు. ట్యాబులో వేసి రెండు వేళ్ళతో పెద్దది చేస్తేనే పిల్ల కన్ను పదునుగా వచ్చిందా, ముందున్న కొమ్మ పదునుగా వచ్చిందా అన్నది బయటపడుతుంది. కొమ్మ పదునుగా వస్తే, పక్షి అక్కడే ఉంది కాబట్టి ఇంకోటి తీసుకోవచ్చు.

సరే, పనిలోకి వద్దాం. అన్నిటికంటే నమ్మకమైన దారి కార్డు రీడరు. టెక్కలిలోనో కాశీబుగ్గలోనో ఫోను సామాన్ల దుకాణంలో అడిగితే ఇస్తారు. కొనేముందు మీ ట్యాబు ఛార్జింగు పెట్టే చోటు చూసుకోండి. అటూ ఇటూ ఒకేలా ఉండే గుండ్రటి అంచుల టైప్‌-సీ అయితే దానికి తగ్గ రీడరు, పాత రకం సన్న పిన్ను అయితే ఓటీజీ తీగ ఉన్న రీడరు తీసుకోవాలి. ట్యాబుకు ఓటీజీ, అంటే ఇలాంటివి తగిలిస్తే చదివే వీలు, ఉందో లేదో తేల్చుకోవడానికి దుకాణంలోనే ఒక పెన్‌డ్రైవు పెట్టి చూడమనండి. కొన్ని కంపెనీల ట్యాబుల్లో, ఫోనుల్లో సెట్టింగుల్లో ఓటీజీ అని ఒక మీట ఉంటుంది. దాన్ని ఆన్ చెయ్యకపోతే ఏం తగిలించినా ఉలుకూ పలుకూ ఉండదు. కాసేపు వాడకపోతే అదే ఆగిపోతుంది కూడా. రీడరు పాడైందని తిట్టుకునే ముందు ఆ మీట చూడండి.

కెమెరా ఆపాకే కార్డు బయటికి తీయాలి. తీశాక దాని ఎడమ అంచు మీద ఒక బుల్లి మీట చూడండి. గోరుతో కిందికి జరిపితే కార్డుకు తాళం పడుతుంది. ఆ తాళం పడితే చదవడం కుదురుతుంది, చెరపడం కుదరదు. నేనైతే ట్యాబుకు పెట్టే ముందు తాళం వేసే పెడతాను. పిల్లలు పక్కన కూర్చుని "నేను నొక్కుతా, నేను నొక్కుతా" అంటున్నప్పుడు ఆ చిన్న మీట ఇచ్చే ధైర్యం అంతా ఇంతా కాదు. పని అయ్యాక మళ్ళీ పైకి జరపడం మరవకండి. లేదంటే కెమెరా ఫొటో తీయనంటుంది.

తగిలించగానే ట్యాబు మీద యూఎస్‌బీ దొరికిందని ఒక మాట వస్తుంది. దాన్ని నొక్కినా సరే, ఫైల్స్ అనో మై ఫైల్స్ అనో ఉన్న యాప్ తెరిచినా సరే. లోపల డీసీఐఎం అని ఒక సంచీ, అంటే ఫోల్డరు, కనబడుతుంది. కెనాన్ కానివ్వండి, నికాన్ కానివ్వండి, సోనీ కానివ్వండి, అందరిదీ అదే పేరు. 1998లో జపాను కంపెనీలు కూడబలుక్కుని ఈ ఏర్పాటు చేసుకున్నాయి, ఏ కెమెరా కార్డైనా ఏ యంత్రంలోనైనా తెరుచుకోవాలని. ఇన్నేళ్ళయినా ఆ ఒప్పందం చెక్కు చెదరలేదు. ఆ పెద్దమనుషులకు నేను మనసులో దండం పెట్టుకుంటాను. డీసీఐఎం లోపల 100తో మొదలయ్యే ఇంకో సంచీ ఉంటుంది, ఫొటోలు అందులో. ఒకదాన్ని వేలితో నొక్కి పట్టుకోండి, గుర్తు పడుతుంది. తర్వాత అన్నీ ఎంచుకోండి. అప్పుడు రెండు మాటలు కనబడతాయి: కాపీ, మూవ్. కాపీయే నొక్కండి. మూవ్ నొక్కితే కార్డులోంచి పోయి ట్యాబులోకి వస్తాయి. నడిమధ్యలో తీగ ఊడిందా, అటూ లేక ఇటూ లేక పోతాయి. ట్యాబులో కొత్త సంచీ ఒకటి చేసి, 'రావివలస కార్తీకం' అని తెలుగులోనే పేరు పెట్టి, అందులో దింపండి. పేరు పెట్టడానికి బద్ధకించారో, ఏడాది తిరిగేసరికి ఏ పెళ్ళి ఎవరిదో తెలియని వేల ఫొటోల గుట్ట మిగులుతుంది.

ఐప్యాడ్ ఉన్నవాళ్ళకు ఇంకా సులువు. 2010లో మొదటి ఐప్యాడ్ వచ్చినప్పుడే యాపిల్ దానికి కెమెరా కనెక్షన్ కిట్ కూడా అమ్మింది. ఇప్పుడైతే కార్డు తగిలించగానే ఫొటోస్ యాప్‌లో ఇంపోర్ట్ అని వస్తుంది. అంతా అయ్యాక "కార్డులోవి తీసేయమంటారా, ఉంచమంటారా" అని అడుగుతుంది. ఉంచమనండి.

రీడరు లేకపోతే కెమెరాకే తీగ తగిలించి ట్యాబుకు కలపొచ్చు. కెమెరా ఆన్‌లో ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. ఇక్కడ ఎక్కువమంది ఇబ్బంది పడేది తీగ దగ్గరే. బస్టాండులో చవగ్గా వచ్చే కొన్ని తీగల్లో కరెంటు నడిచే వైర్లు మాత్రమే ఉంటాయి, సమాచారం నడిచే వైర్లు ఉండవు. ఛార్జింగు ఎక్కుతుంది, ఫొటోలు మాత్రం రావు. కెమెరాతో పాటు పెట్టెలో వచ్చిన తీగను పారేయకండి.

వైఫై గురించి అడుగుతారని తెలుసు. కొత్త కెమెరాల్లో ఉంది. ఇంటర్నెట్టు అక్కర్లేదు, కెమెరాయే ఒక చిన్న వైఫై పుట్టిస్తుంది, ట్యాబును దానికి కలపాలి. కెనాన్‌కు కెమెరా కనెక్ట్, నికాన్‌కు స్నాప్‌బ్రిడ్జ్, ఇలా ఎవరి యాప్ వాళ్ళకుంది. ఒకటి రెండు ఫొటోలు చూపించడానికి చక్కగా ఉంటుంది. కానీ ఒక సంగతి గమనించండి. వీటిలో కొన్ని తమంతట తాము పంపే ఫొటోను రెండు మెగాపిక్సెళ్ళకు కుదించి పంపుతాయి. స్నాప్‌బ్రిడ్జ్ దానంతటదే దించేది ఆ రెండు మెగాపిక్సెళ్ళ బొమ్మే. సెట్టింగుల్లో అసలు సైజు ఎంచుకోకపోతే, మీ దగ్గర ఉన్నది అసలు ఫొటో అనుకుంటూ నకలును దాచుకుంటారు. అసలు సైజులో వందల ఫొటోలు వైఫైలో ఎక్కించాలంటే మటుకు వంటా భోజనాలూ అయ్యేదాకా కూర్చోవాలి. 24 మెగాపిక్సెళ్ళ ఫొటో ఒక్కోటి పది ఎంబీ దాకా ఉంటుంది, వెయ్యి ఫొటోలంటే పది జీబీ. రీడరులో అయితే టీ కాచుకునే లోపు సగం పైన ఎక్కేస్తాయి.

పల్లెల్లో నేను అందరికీ చెప్పే ఉపాయం ఇంకొకటుంది. కెమెరాలో మైక్రో ఎస్‌డీ కార్డు వాడండి. దాన్ని పెద్ద కార్డు తొడుగులో పెట్టి కెమెరాలో వేసుకోవచ్చు. పని అయ్యాక తొడుగులోంచి ఆ గోరంత కార్డు తీసి ట్యాబు పక్కన కార్డు గాడి ఉంటే తిన్నగా అందులో పెట్టేయొచ్చు. రీడరూ వద్దు, తీగా వద్దు. కానీ ఇక్కడ రెండు జాగ్రత్తలు, రెండూ గట్టిగా చెబుతున్నాను.

మొదటిది బడి ట్యాబుల గురించి. 2022 డిసెంబరు 21 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు, మరుసటి ఏడూ ఇచ్చారు. ఈ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో ట్యాబంటే అదే. ఆ గాడిలో ఉన్న కార్డులోనే పిల్లల పాఠాలున్నాయి. దాన్ని తీసి కెమెరాలో వేస్తే, కెమెరా "ఫార్మాట్ చెయ్యనా" అనొచ్చు. చెయ్యమన్నారో, పాఠాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ కార్డు జోలికి పోవద్దు. పైగా అవి చదువు కోసమే తాళం వేసి ఇచ్చినవి, వాటిలో ఫొటోలు నింపాలని చూడొద్దు. పిల్లవాడి చదువు పిల్లవాడికి ఉండనివ్వండి.

రెండోది ఇంకా ముఖ్యం. కొన్ని పాత ట్యాబులు 64 జీబీ, అంతకంటే పెద్ద కార్డు పెట్టగానే "ఈ కార్డు పాడైంది, ఫార్మాట్ చెయ్యాలి" అని చెబుతాయి. నమ్మకండి. కార్డు పాడవలేదు. పెద్ద కార్డుల్లో సమాచారం సర్దే పద్ధతి వేరు, దాన్ని ఎక్స్‌ఫ్యాట్ అంటారు. 2019లో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి వివరాలు అందరికీ తెరిచిపెట్టేదాకా చాలా చవక ట్యాబులకు దాన్ని చదవడం వచ్చేది కాదు. చదవడం రాని ట్యాబు తప్పంతా కార్డుదే అంటుంది. ఇంకొన్ని కొత్తవి "ఈ కార్డును ట్యాబు సొంత నిల్వగా మార్చుకోనా" అని మర్యాదగా అడుగుతాయి. అవునంటే అదీ తుడిచెయ్యడమే. ట్యాబు ఎప్పుడు ఫార్మాట్ మాట ఎత్తినా వద్దని, కార్డు బయటికి తీసి, వేరే యంత్రంలో పెట్టి చూడండి. ఒకవేళ ఇంట్లో ఎవరో పొరబాటున నొక్కేశారనుకోండి, గాభరా పడొద్దు. ఆ కార్డుతో మళ్ళీ ఒక్క ఫొటో కూడా తీయకుండా పక్కన పెట్టండి. కొత్తది పైన పడనంత వరకు పాతవి చాలావరకు అడుగున ఉంటాయి. ఫొటోరెక్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది, కంప్యూటరు తెలిసిన పిల్లలెవరైనా దాంతో వెతికి తీసిపెడతారు.

ఇక వాట్సాప్. మన ఊళ్ళ మనుషులు ఎక్కడెక్కడో ఉన్నారు. పోర్టుబ్లెయిర్‌లో ఉన్నారు, ముంబైలో ఉన్నారు, గల్ఫులో వెల్డింగు పనుల్లో ఉన్నారు, పటాలంలో ఉన్నారు. ఫొటో ట్యాబులోకి రాగానే వాళ్ళకు పంపాలని చెయ్యి ఉరకడం సహజం, పంపండి. అయితే వాట్సాప్ మామూలుగా పంపే ఫొటో నిలువో అడ్డమో పొడుగు వైపు 1600 చుక్కల (పిక్సెళ్ళ) దగ్గరకు కుదించుకుపోతుంది. మీ కెమెరాలో అదే ఫొటో 6000 చుక్కలుంటుంది. ఫోనులో చూసినప్పుడు తేడా తెలియదు. పెళ్ళి ఆల్బంకి ఇచ్చినప్పుడు తెలుస్తుంది. ఇప్పుడు అందరూ వేయించుకుంటున్న 12 అంగుళాల కరిజ్మా ఆల్బం పేజీ ఎత్తు నిండాలంటే అంగుళానికి 300 చొప్పున 3600 చుక్కలు కావాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో స్టూడియోకి పట్టుకెళ్ళి "పేజీ నిండా వెయ్యండి" అంటే అక్కడి కుర్రాడు ఏం చెయ్యగలడు? మొహాలు మసకబారతాయి. 2023లో హెచ్‌డీ అన్న వీలు వచ్చింది, కొంత నయం. పూర్తిగా ఉన్నదున్నట్టు వెళ్ళాలంటే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి.

అలా పంపితే ఇంకో మేలుంది. ప్రతి ఫొటో లోపల ఎప్పుడు తీశారో, ఏ కెమెరాతో తీశారో కెమెరాయే రాసిపెట్టుకుంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ రాత ఊడిపోతుంది, డాక్యుమెంటుగా పంపితే ఉంటుంది. ఆ తేదీ విలువ ఏమిటో తిత్లీ తుపాను చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారి చూస్తే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి అంతటా కొబ్బరి చెట్లు నేలమట్టం, జీడి తోటలు వేళ్ళతో సహా తిరగబడి ఉన్నాయి. కరెంటు లేదు, ఫోను టవర్లు లేవు. తాత నాటిన చెట్టు పడిపోయి ఉంటే ఒక రైతు దాని పక్కన కూలబడి ఉన్నాడు. అలాంటి రోజున తేదీతో ఉన్న ఫొటో ఒక సాక్ష్యం. అందుకే కెమెరాలో గడియారం ఎప్పుడూ సరిగా ఉంచుకోవాలి. చాన్నాళ్ళు బ్యాటరీ లేకుండా పెట్టిన కెమెరాలో తేదీ మొదటికి వెళ్ళిపోతుంది. నిన్నటి తోట ఎప్పటిదో పాత ఏటిదని చూపిస్తుంది. కెమెరా తెరవగానే నేను మొదట చూసేది తేదీయే. ఇంకోటి, రీడరుతో ఎక్కించడానికి నెట్టు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ట్యాబులో ఛార్జింగు ఉంటే చాలు. తుపాను కాలంలో మన తీరానికి ఇంతకంటే పనికొచ్చే సాధనం నాకు తెలియదు.

తిత్లీ ఇంకొకటి కూడా పట్టుకుపోయింది. ఇళ్ళలోని ఆల్బములు. పెంకు లేచిపోయి, గోడ తడిసి, ట్రంకు పెట్టెలో నీళ్ళు చేరి, ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఊడదీస్తే ఒకరి మొహం ఇంకొకరి వీపుకు అంటుకు వచ్చింది. నాకు కడుపు తరుక్కుపోయింది. అప్పటినుంచి ఎవరింటికి వెళ్ళినా, మీ పాత ఫొటోలు ఒకసారి బయటికి తీయండమ్మా అని అడుగుతాను. కెమెరాతో వాటికే ఫొటో తీసి ట్యాబులోకి ఎక్కించి పెడతాను.

దీనికి పెద్ద సామగ్రి ఏమీ వద్దు. పొద్దున వేళ అరుగు మీద, ఎండ తిన్నగా పడని నీడలో, బల్ల మీద ఫొటో పరిచి, కెమెరా దాని మీదికి నిట్టనిలువుగా పట్టుకోవాలి. ఏ కాస్త వాలినా ఫొటో ఒక వైపు కుంచించుకుపోయినట్టు వస్తుంది. ఫ్లాష్ వెయ్యకూడదు, మెరుపు పడి మొహం పోతుంది. అద్దం చట్రంలోది తేలిగ్గా వస్తే తీసి పెట్టండి, అద్దానికి అంటుకుని ఉంటే మటుకు పీకొద్దు, నల్ల బట్ట అడ్డం పట్టి మెరుపు తప్పించి అలాగే తీయండి.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. కొడుకు పోర్టుబ్లెయిర్‌లో ఉంటాడు. ఆమె తల్లిదండ్రుల ఫొటో ఒక్కటే ఉంది, పోస్టుకార్డంత. ఎప్పుడో టెక్కలి వెళ్ళి తీయించుకున్నది. వెనక పరదా మీద గీసిన మేడ మెట్లు, పక్కన పూలకుండీ. అట్ట అడుగున ఉబ్బెత్తుగా అచ్చొత్తిన స్టూడియో పేరు సగం చెరిగిపోయింది. ఆ ఫొటో తీసి ట్యాబులో వేసి ఆమె ఒళ్ళో పెట్టాను. రెండు వేళ్ళతో పెద్దది చెయ్యడం చూపించాను. మొదట తండ్రి మీసాల దగ్గర ఆగింది. తర్వాత తల్లి మొహం మీదికి వచ్చింది. వేలు మెల్లగా జరుపుతూ జరుపుతూ ముక్కు దగ్గర ఆగిపోయింది.

"ఓలమ్మా! మాయమ్మకి అడ్డబాస ఉండేదేటి? నాకు గుర్తే నేదు నాయనా."

తర్వాత మెడలో నాను చూసింది, చెయ్యి మీద పచ్చబొట్టు చూసింది. పచ్చబొట్టు తేలు బొమ్మట, తను చిన్నప్పుడు దాన్ని గిల్లి చూసేదట. చేతిలో పోస్టుకార్డంత ఫొటో ఎన్నేళ్ళుగానో ఉంది. అందులో ఇన్ని ఉన్నాయని ఆ రోజే చూసింది. "ఇది మావోడికి పంపగలవేటి బాబూ?" అంది. డాక్యుమెంటుగా అప్పుడే పంపాను. అంతటితో ఆగలేదు. విశాఖపట్నంలో పోర్టుబ్లెయిర్ ఓడెక్కబోతున్న మా ఊరి కుర్రాడి చేతికి అదే ఫొటో ఒక పెన్‌డ్రైవులో పెట్టి ఇచ్చాం. కార్డులో ఒకటి, ట్యాబులో ఒకటి, సముద్రం అవతల ఒకటి. తుపాను వచ్చినా మూడు చోట్లకీ ఒకేసారి రాదు కదా.

మీరూ అలాగే చెయ్యండి. ట్యాబులోకి ఎక్కాయి కదా అని వెంటనే కార్డు ఖాళీ చెయ్యకండి. ముందు ఒక్కో ఫొటో తెరిచి చూడండి. సగం బూడిద రంగులో ఆగిపోయినవి ఉంటే మళ్ళీ కాపీ చేసుకోండి. రెండో చోట కూడా పెట్టాకే కార్డు ఖాళీ చెయ్యండి. ఆ ఖాళీ చేసేదీ కెమెరాలోనే చెయ్యండి, ట్యాబులో కాదు. ఏ కెమెరా కార్డును ఆ కెమెరా సర్దుకుంటేనే తర్వాత తకరారు రాదు. భావనపాడు వైపు, బారువ వైపు సముద్రం ఒడ్డునున్న వాళ్ళకు మరో మాట. ఉప్పు గాలికి కార్డు మీది ఇత్తడి రంగు గీతలు మసకబారతాయి, అప్పుడు రీడరు గుర్తుపట్టదు. మెత్తటి పొడిబట్టతో తుడవండి, నీళ్ళూ ఉమ్మీ తగలనివ్వకండి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా కెమెరా డబ్బాలో వేసి మూత గట్టిగా పెట్టండి.

పెళ్ళి వీడియో క్యాసెట్ల మాటేమిటని కిందటి వారం సంతలో ఇద్దరు అడిగారు. నల్లటి పెద్ద క్యాసెట్లు, వీహెచ్ఎస్‌వి. వాటి దారి వేరు, ముందు వాటిని ఆడించే యంత్రం ఎక్కడైనా బాగున్నది దొరకాలి. ఆ కబురు ఇంకో రోజు తీరిగ్గా చెప్పుకుందాం. అప్పటిదాకా ఆ క్యాసెట్లను పుస్తకాల్లా నిలబెట్టి పొడిగా ఉన్న అరలో ఉంచండి, స్పీకర్ల పక్కన మాత్రం పెట్టకండి.